ముప్పై ఒకటో పేజీ

అచ్చయి వచ్చిన రిపోర్టును తీరిగ్గా మళ్ళీ చదవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. దిద్దడానికి ఇక వీలుండదు, కనబడేవన్నీ తప్పులే. ఆ సంగతి తెలిసి కూడా సోమవారం పొద్దున హిల్లా కాఫీ తెచ్చుకుని, యూనివర్సిటీ మూడో అంతస్తులో కిటికీ దగ్గర కూర్చుని, నీలం అట్ట తెరిచింది. మార్చి వచ్చినా ఆ కుయోపియో ఊళ్ళో సరస్సు ఇంకా కరగలేదు. మంచు మీద ఎవరో కుక్కను నడిపించుకుంటూ పోతున్నారు. ఆరు నెలల పని ఒళ్ళో బరువుగా ఉంది. పధ్నాలుగో పేజీ దాకా సంతోషంగానే చదివింది.

పధ్నాలుగో పేజీలో లాండ్రీ చిట్టాల్లోంచి ఇల్మో వేసిన పట్టిక ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీలో రెండు నెలల్లో యంత్రాలు ఎన్నిసార్లు ఆగాయి, ఏ ఇస్త్రీ రోలరు, ఏ రోజు, ఎన్ని నిమిషాలు, అప్పుడు దాని దగ్గర ఎంతమంది ఉన్నారు, అన్నీ వరసగా ఉన్నాయి. ఇల్మో ఇంజినీరు. గడియారం పట్టుకుని నిలబడితే వాడికి అన్నం నీళ్ళు అక్కర్లేదు. హిల్లా మనస్తత్వ శాస్త్రం నుంచి వచ్చింది. యంత్రం చదివినవాడికి మనిషి తెలియదు, మనిషిని చదివినదానికి యంత్రం తెలియదు, ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే పనిచేసే చోట అసలేం జరుగుతుందో తెలుస్తుంది అని ఆ పీజీ కోర్సు పెట్టినవాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం నెరవేరింది. కావలసినదానికన్నా ఎక్కువే నెరవేరింది.

ముప్పై ఒకటో పేజీకి వచ్చేసరికి ఆమె చేతిలో కప్పు ఆగిపోయింది. అక్కడ లాండ్రీలో పనిచేసే ఒకావిడ తనతో చెప్పిన మాటలున్నాయి. పేరు లేదు, వయసు లేదు, 'ఏడో నంబరు' అని మాత్రమే ఉంది.

"ఆ పొద్దున రోలరు నలభై నిమిషాలు ఆపారు. నా వేళ్ళు కాలినందుకు కాదు, చర్మం అంటుకున్న దుప్పటి లాగెయ్యడానికి. చెయ్యి తగిలితే రోలరు ఆగాల్సిన కడ్డీ ఉంది, దాన్ని గుడ్డపేలికతో పైకి కట్టేశారు. కట్టేసింది ఎవరో అందరికీ తెలుసు. ఇంట్లో ఆవిరిస్నానం గది సౌనాలో పొయ్యి మీద చెయ్యి పడిందని రాసిమ్మన్నారు. రాసిచ్చాను."

నలభై నిమిషాలు. హిల్లా పధ్నాలుగో పేజీకి వెనక్కి వెళ్ళింది. పట్టికలో నలభై నిమిషాల ఆగుడు ఒక్కటే ఉంది. జనవరి పధ్నాలుగు, ఉదయం ఆరూ పది, మూడో రోలరు, దగ్గర ఉన్నవాళ్ళు: ఒకరు. ఆ రోజు మూడో రోలరు దగ్గర ఒంటరిగా ఉన్నది రైయా అని లాండ్రీలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. మనిషి పేరు రాయకపోతేనేం, ఇంటికి దారి గీసి ఇచ్చారు.

ఆమె పేజీలు విడిగా చూస్తే ఏ దోషమూ లేదు. మాట పక్కన యంత్రం నంబరు రాయకూడదన్న నియమాన్ని ఆమె అక్షరాలా పాటించింది. ఇల్మో పేజీల్లోనూ దోషం లేదు, వాడు ఒక్క పేరూ రాయలేదు. ఆమె భాగాన్ని ఆమె ప్రొఫెసర్ చూసింది, వాడి భాగాన్ని వాడి ప్రొఫెసర్ చూశాడు. రెంటినీ కలిపి కుట్టింది అచ్చాఫీసువాడు. ఈ రెండు పేజీలూ ఒకే అట్ట మధ్య ఉన్నాయని పట్టించుకున్నవాళ్ళు లేరు.

రైయాకి అరవై ఒకటి. ఇంకో రెండేళ్ళు నిలబడితే పెన్షను. ఎండాకాలం వెళ్ళగానే లాండ్రీలో కొందర్ని తీసేస్తారని గోడలక్కూడా తెలుసు. ఎవర్ని తీసెయ్యాలా అని చూస్తున్నవాడి చేతికి తనే పేరు రాసి ఇచ్చినట్టయింది.

దాల్చినచెక్క బన్ను నములుతూ ఇల్మో వచ్చాడు. ఆమె రెండు పేజీలూ చూపించింది. వాడు నమలడం ఆపేశాడు.

"టోర్స్టికి ఎప్పుడు పంపావ్?" అంది.

"శుక్రవారం సాయంత్రం. టీ గదిలో కూడా ఒక కాపీ పెట్టొచ్చాను, పనివాళ్ళు చదువుకోవడానికి. అలాగే కదా ఒప్పందం." వాడు బన్ను బల్ల మీద పెట్టేశాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని..." అని నాలిక కరుచుకున్నాడు. ఆ సామెత ఆ రోజు ఎవరి నోటా రాకూడనిది.

టోర్స్టి లాండ్రీకి మేనేజరు. పిల్లల్ని తీసుకుని స్కీయింగుకి ఉత్తరాన కొండలకి పోయాడు, బుధవారం దాకా రాడు. అక్కడ మెయిలు చూసుకుంటాడో లేదో దేవుడికెరుక. ఇల్మో అప్పటికప్పుడు కూర్చుని, పంపిన దాంట్లో పొరపాట్లు దొర్లాయి, దయచేసి దాన్ని తెరవకుండా తీసెయ్యండి, సరిచేసింది రేపు పంపుతాం అని రాశాడు. తెరవొద్దన్న ఉత్తరం తెరవని మనిషిని హిల్లా ఇంతవరకూ చూడలేదు. అయినా రాయక తప్పలేదు.

ప్రొఫెసర్ మర్కెట్టా గదిలో కుర్చీ అంచు మీద కూర్చుని హిల్లా అంతా చెప్పుకుంది. మర్కెట్టా కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్ళద్దాలు తీసి, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తప్పు తనది కూడానని ఒప్పుకుంది. తరవాత చెయ్యాల్సిన పనులు చెప్పింది. రిపోర్టు వెనక్కి తెప్పించాలి, ఆ మాటలు తీసేసి మళ్ళీ అచ్చు వెయ్యాలి, పాతవి చించెయ్యాలి. గుట్టు బయటపడిందని తేలితే విషయం నైతిక కమిటీకి పోతుంది, అప్పుడు జూన్‌లో పట్టా మాట మరిచిపోవచ్చు.

"ఇంకొకటి," అంది మర్కెట్టా. "ఆవిడకి చెప్పాలి. మెయిల్లో కాదు. ఎదురుగా కూర్చుని."

"చెప్తాను," అంది హిల్లా. చెప్తానన్నప్పుడు నిజంగానే చెప్పాలనుకుంది.

*

మంగళవారం తొమ్మిదింటి బస్సులో లాండ్రీకి వెళ్ళింది. సంచిలో కొత్త కాపీ ఉంది, అచ్చాఫీసువాడిని బతిమాలి పొద్దున్నే వేయించింది. ముప్పై ఒకటో పేజీలో ఇప్పుడు పనివాళ్ళ విరామాల మీద ఒక పేరా ఉంది. చదివితే నిద్రొచ్చే పేరా.

గుమ్మంలోనే బోర్డు ఉంది. తెల్లటి బోర్డు మీద 'ప్రమాదం లేని రోజులు' అని, దాని కింద మూడు ప్లాస్టిక్ అంకెలు. 410. రైయాని మాట్లాడించిన దగ్గర్నుంచీ హిల్లా దాని పక్కనుంచి ఎన్నోసార్లు నడిచింది, ఎప్పుడూ దాని వైపు చూడకుండా. ఎందుకంటే ఆ అంకెలు మార్చేది రైయా. పొద్దున ఐదున్నరకి అందరికన్నా ముందు వచ్చేది ఆవిడే కాబట్టి అంకెల పెట్టె ఆవిడ బీరువాలోనే ఉంటుంది. చెయ్యి కాలిన మర్నాడు కూడా కట్టు కట్టిన చేత్తో ఆవిడే ఒక అంకె పెంచింది. ఆ మాటా రికార్డరులో ఉంది. అది రాస్తే మనిషి ఎవరో తెలిసిపోతుందని హిల్లా మొదట్లోనే కొట్టేసింది. అప్పుడు తన జాగ్రత్తకి తనే మురిసిపోయింది కూడాను.

లోపల ఆవిరి, సబ్బు వాసన, ఎడతెరిపి లేని రొద. మూడో రోలరు దగ్గర రైయా, ఇంకో ఆవిడా చెరో కొస పట్టుకుని తడి దుప్పటిని ఒక్కసారి ఝాడించి, అంచు సరిచేసి, రోలరు నోటికి అందిస్తున్నారు. ఒకటి పోగానే ఇంకొకటి. రైయా కుడిచేతికి తెల్లటి నూలు తొడుగు ఉంది. వేళ్ళు పూర్తిగా వంగవు, కొసని బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించి పట్టుకుంటుంది. కడ్డీ ఇప్పుడు కిందికే ఉంది. పేలిక మాత్రం పక్కన మేకుకి వేలాడుతోంది, అవసరమైతే మళ్ళీ కట్టుకోవడానికి అన్నట్టు.

హిల్లా తలొంచుకుని టీ గదిలోకి పోయింది. పాత కాపీ చక్కెర డబ్బా పక్కనే ఉంది. అట్ట మీద కాఫీ కప్పు మరక గుండ్రంగా పడింది. తీసి సంచిలో పెట్టుకోబోతే అదే ఒకచోట తెరుచుకుంది. ముప్పై ఒకటో పేజీ. పైమూల మడత పెట్టి ఉంది, మామూలుగా కాదు, గోటితో నొక్కి, దుప్పటి అంచు మడిచినంత కచ్చితంగా.

ఎవరో చదివారు. చదివి గుర్తు పెట్టుకున్నారు. నలుగురైదుగురి ముఖాలు కళ్ళ ముందు తిరిగాయి. టోర్స్టికి మాటలు మోసేవాళ్ళు ఎవరై ఉంటారా అని ఆలోచిస్తుంటే ఒక్కొక్క ముఖమూ అనుమానంగానే కనిపించింది. కొత్త కాపీని అదే చోట, అదే వాలులో పెట్టింది. దొంగ చేసే పనిలాగే ఉంది అనుకుంది. గుమ్మం వైపు తిరిగితే రైయా నిలబడి ఉంది.

"ఆ పుస్తకం తీసుకెళ్తున్నావేం, పిల్లా?"

"కొన్ని తప్పులు పడ్డాయండీ. కొత్తది పెట్టాను."

"తప్పులా." రైయా ఫ్లాస్కు మూత ఎడమచేత్తో తిప్పింది. "ఏ పేజీలో?"

"అక్కడక్కడా."

"ఊఁ." కాఫీ పోసుకుంది. హిల్లాకి ఒక కప్పు ఇచ్చింది. ఈ ఏడు మంచు ఎప్పటికి కరుగుతుందో అంది. మనవడు సరస్సు మీద గాలానికి కూర్చుని రెండు చేపలు పట్టాడు, ఒకటి మూరెడు పొడుగుంది అంది. ఇప్పుడు చెప్పాలి. గదిలో ఇంకెవరూ లేరు. రైయాగారూ, నా వల్ల ఒక పొరపాటు జరిగింది అని మొదలుపెడితే చాలు, తక్కినది దానంతటదే వస్తుంది. హిల్లా కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ ఏడిస్తే? నిన్ను నమ్మి చెప్పాను కదే అంటే? ఇప్పుడు సరిచేశాం కదా, చెప్పి కొత్తగా భయపెట్టడం దేనికి అని మనసు ఒక సాకు దొరికించుకుంది. భయపడ్డ మనసుకి సాకులు దొరక్కపోవడం ఎక్కడైనా ఉందా.

గంట మోగింది. రైయా లేచి కప్పు కడిగి బోర్లించింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు ఒక్క క్షణం చూసింది. హిల్లా కాఫీ బాగుందని చెప్పింది.

*

బుధవారం మర్కెట్టా మెట్ల మీద ఎదురైంది. ఆవిడకి చెప్పావా అని అడిగింది.

"చెప్పాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

మర్కెట్టా భుజం మీద చెయ్యి వేసి, ఇలాంటి పని చెయ్యడానికి ధైర్యం కావాలి అని మెచ్చుకుని క్లాసుకి పోయింది. హిల్లా మెట్ల పక్క కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఇంతవరకూ ఉన్నది పొరపాటు. ఇప్పుడు అబద్ధం కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం టోర్స్టి నుంచి మెయిలు వచ్చింది. ఇల్మో ఫోను ఆమె ముందు పెట్టాడు. "రెండూ అందాయి. పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. రేపు కలుద్దాం." అంతే. కింద స్కీలు పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటో ఉంది.

పక్కపక్కన పెట్టుకుని. ఆ మాట హిల్లాని రోజంతా తినేసింది. పక్కపక్కన పెడితే తేడా ఒక్క పేజీలోనే ఉంటుంది. తీసెయ్యకపోతే నూట ఇరవై పేజీల మధ్య కంటికి ఆనకపోయేదేమో. తీసేసి, ఇదిగో ఇక్కడ చూడు అని వేలు పెట్టి చూపించినట్టయింది. ఇల్మో అంత దూరం ఆలోచించకు అన్నాడు గానీ వాడి చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూనే ఉంది.

రైయాని మాట్లాడించిన రోజు గుర్తొచ్చింది హిల్లాకి. ఫిబ్రవరి మొదట్లో, ఇస్త్రీ చేసిన తువ్వాళ్ళ గదిలో. రికార్డరు బల్ల మీద పెట్టగానే రైయా దాని మీదికి వంగి, "ఆ ఎర్ర దీపం వెలుగుతోందా?" అని రెండుసార్లు అడిగింది. పాపం, భయపడుతోంది అనుకుని హిల్లా, పేరు ఎక్కడా రాదు, మీరు నిశ్చింతగా ఉండండి అని ధైర్యం చెప్పింది. అంతా చెప్పేశాక రైయా నవ్వి, "మా సావో సీమవాళ్ళ సామెత తెలుసుగా. మావాళ్ళు నోరు విప్పాక బాధ్యత విన్నవాళ్ళది," అంది. హిల్లాది దేశానికి ఇంకో చివర, టుర్కు వైపు. సావోవాళ్ళ మాటకి ముందూ వెనకా ఉండవని ఆ సామెతకి అర్థం అని ఆమె ఎరిగినది. ఆమె కూడా నవ్వేసింది.

*

గురువారం ఒంటిగంటకి, షిఫ్టు మారే వేళ, టీ గదిలో కుర్చీలు వేశారు. పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చారు. కొందరు ఇంటికి పోయే కోట్లలో, కొందరు పని దుస్తుల్లో. టోర్స్టి మంచు ఎండకి కందిపోయి వచ్చాడు, కళ్ళజోడు పెట్టుకున్న మేర మాత్రం తెల్లగా ఉంది. అందరికీ తనే కాఫీ పోశాడు. రైయా రెండో వరసలో కూర్చుని, తొడుగు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

ఇల్మో యంత్రాల గురించి చెప్పాడు. హిల్లా మనుషుల గురించి చెప్పింది. తను ఏం చెబుతోందో తనకే వినబడలేదు. విరామాలు, పని పంచుకోవడం, పై అధికారితో మాట్లాడే వీలు. ఒక్కో బొమ్మా గోడ మీద మారుతుంటే ఆమె టోర్స్టి ముఖమే చూస్తోంది. అతను మధ్య మధ్య తలూపుతున్నాడు. ప్రశ్నలున్నాయా అంటే ఎవరూ అడగలేదు. ఒకావిడ మాత్రం కుర్చీలు ఎత్తు పెంచితే నడుములకి మంచిదేమో అంది. తప్పకుండా, అన్నాడు టోర్స్టి, రాసుకున్నాడు.

అందరూ లేచాక అతను హిల్లా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. "మీరు బాగా చేశారు. మొదటిదీ చదివాను, రెండోదీ చదివాను. రెండోదే మేలు. అక్కర్లేనివి ఏరి పారెయ్యడం తెలియాలి, అది ఈ వయసులో అందరికీ రాదు. వచ్చే ఏడూ ఇద్దర్ని మాకే పంపమనండి. ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం కావలసొస్తే మొహమాటపడకండి."

హిల్లా గుండె మీదినుంచి బండ దిగింది. చదివాడు, అయినా ఏమీ అనలేదు. రైయాకి ఏమీ కాదు. తనకీ ఏమీ కాదు. గుమ్మం దాకా నాలుగడుగులు తేలిపోతున్నట్టే నడిచింది. కోట్లు తగిలించే చోట రైయా ఒక్కతే ఉంది.

"నా పేజీ ఏమైంది?" అంది.

హిల్లా చుట్టూ చూసింది. ఎవరూ లేరు. తొందర తొందరగా, గొంతు తగ్గించి, మొత్తం చెప్పేసింది. పట్టిక, నలభై నిమిషాలు, రెండూ కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోవడం. మీకోసమే తీసేశాను అంది.

"ఎవరికి తెలుస్తుందని?"

"అందరికీ. టోర్స్టికి."

"పిల్లా," అంది రైయా, చిన్నపిల్లకి చెప్పినట్టు, "ఆ రోజు రోలరులోంచి నా చెయ్యి లాగింది టోర్స్టీయే. ఆ పేలిక కట్టిందీ ఆయనే. కాగితం రాసిమ్మన్నదీ ఆయనే. ఆయనకి తెలియనిది ఒక్కటే, నేను నోరు విప్పానని. అది తెలియాలనే విప్పాను. దీపం వెలుగుతోందా అని రెండుసార్లు అడిగానా లేదా?"

హిల్లా అవునన్నట్టు తలూపింది.

"పేజీ మడత పెట్టింది నేనే. సెలవునుంచి వచ్చి కాఫీకి కూర్చుంటాడు, చేతిలోకి తీసుకుంటే అక్కడే తెరుచుకోవాలని."

"మంగళవారం నేను తీసుకెళ్తుంటే... చెప్పొచ్చు కదండీ."

"నువ్వు చెప్పొచ్చు కదా." ఆ గొంతులో కోపం లేదు, అందుకే మరింత గుచ్చుకుంది. "మీ ప్రొఫెసర్ని అడిగి ఉంటావు. ఆ అబ్బాయిని అడిగావు. అచ్చాఫీసువాణ్ణి బతిమాలి ఉంటావు. కాలింది నా చెయ్యి. నన్నడిగావా?"

అడగలేదు. నాలుగు రోజులు ఈవిడ కోసమే వణికాననుకుంది. వణికింది నిజమే, ఎవరి కోసమో మాత్రం ఇప్పుడే తెలిసింది. అక్కర్లేనివి అంటూ టోర్స్టి తన చెయ్యి పట్టుకుని ఊపిన ఊపు ఇంకా అరచేతిలో ఉంది.

పాత కాపీని చించెయ్యమంది మర్కెట్టా. చించలేదు, అది సంచి అడుగునే ఉంది. ఎందుకు దాచిందో తనకే తెలియదు. బయటికి తీసి ముప్పై ఒకటో పేజీ దగ్గర తెరిచింది. "మీ పేరుతోనే వెయ్యమంటారా?" అంది. "పెన్షను రెండేళ్ళే ఉంది. మిమ్మల్ని తీసేస్తే..."

"తీసేస్తాడేమో. ఆ లెక్క నేను వేసుకోలేదనుకున్నావా?" రైయా కుడిచేతి తొడుగు పళ్ళతో పట్టి లాగింది. మూడు వేళ్ళ మీద చర్మం గులాబీ రంగులో బిగుసుకుపోయి, మైనం పూసినట్టు మెరుస్తోంది. ఆ వేళ్ళ మధ్యే పెన్ను ఇరికించుకుని 'ఏడో నంబరు' అన్నచోట అడ్డంగా గీత కొట్టి, పక్కన ఇంటిపేరుతో సహా తన పేరు రాసింది. అక్షరాలు వంకరపోయాయి. కింద ఆ రోజు తేదీ వేసింది.

హిల్లా మళ్ళీ టీ గదిలోకి వెళ్ళింది. టోర్స్టి ప్రొజెక్టరు వైరు చుట్టలు చుడుతున్నాడు, ఇల్మో కుర్చీలు సర్దుతున్నాడు. కాపీని ఆ పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టింది.

"ఇది మిగిలిపోయింది. దీన్ని మళ్ళీ చేరుస్తున్నాం."

టోర్స్టి ఒంగి చూశాడు. పేరు దగ్గర అతని చూపు ఆగింది. వైరు చుట్ట మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"మా అంగీకారం లేకుండా ఒక్క కాగితం బయటికి పోకూడదని ఒప్పందంలో ఉంది. మీరూ సంతకం పెట్టారు."

"పెట్టానండీ."

"ఇది ఆసుపత్రివాళ్ళ చేతికి పోతే కాంట్రాక్టు పోతుంది. ముప్పై మంది ఇళ్ళకి పోతారు. రైయా ఒక్కతే కాదు. అది కూడా రాసుకోండి."

అతను అరవలేదు. అలసిపోయినట్టు అన్నాడు, బహుశా అది నిజం కూడా కావచ్చు. హిల్లా పెన్ను తీసి నోటు పుస్తకంలో అతని మాటలు అతను అన్నవి అన్నట్టే రాసుకుంది. రాయడం అయ్యాక, "ఇవి మీ పేరుతోనే వెయ్యమంటారా, నంబరుతోనా?" అని అడిగింది. వెటకారంగా కాదు, అడగాలి కాబట్టి అడిగింది. టోర్స్టి కిటికీ వైపు తిరిగాడు.

ఇల్మో ఆమె వెనకే బయటికి వచ్చాడు. "మర్కెట్టాకి ఏం చెప్తావే?" అన్నాడు మెల్లిగా.

"రైయాకి చెప్పానని ఆవిడతో అబద్ధమాడాను. ముందు అది చెప్తాను."

"జూన్‌లో పట్టా?"

"తెలీదురా."

గుమ్మంలో రైయా బోర్డు ముందు ముక్కాలిపీట వేసుకుని ఎక్కి ఉంది. షిఫ్టు దిగినవాళ్ళు ముగ్గురు, కోట్ల బొత్తాములు పెట్టుకోవడం మానేసి, చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ సాయానికీ రాలేదు. వాళ్ళ ముఖాల్లో ఉన్నదేమిటో హిల్లాకి తెలుసు. నాలుగు రోజులుగా అద్దంలో అదే చూస్తోంది. 412 అని ఉంది బోర్డు మీద. ఆ పొద్దున రైయా చేత్తో పెట్టినదే.

"ఇది పట్టుకో, పిల్లా," అని రైయా అంకెల పెట్టె అందించింది. హిల్లా రెండు చేతులా పట్టుకుంది. చేతులు నిలవక లోపల ప్లాస్టిక్ అంకెలు గలగలలాడుతున్నాయి. గదంతా వినబడేలా ఉంది ఆ చప్పుడు. రైయా తొడుగు లేని చేత్తో మొదట నాలుగు ఊడదీసింది, తరవాత ఒకటి. రెండుని మాత్రం ఉన్నచోటే వదిలేసింది.

"జనవరి పధ్నాలుగు నుంచి లెక్క వెయ్యి. ఎన్ని రోజులు?"

హిల్లా లెక్క వేసింది. "యాభై రెండు."

రైయా కిందికి చూసింది, ముందు పెట్టె వైపు, తరవాత ఆమె ముఖం వైపు. "భయంగా ఉందా?"

"ఉందండీ."

"నాకూనూ," అంది రైయా, చెయ్యి చాపుతూ. "ఏదీ, ఆ ఐదు ఇలా ఇవ్వు."